ఆరుగురికి ఒక అన్న

ఆగస్టు నెల వచ్చిందంటే ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘాల్లో ఒక చిన్న వరుస కనబడుతుంది. ఇంజనీరింగ్‌లోనో, నర్సింగ్‌లోనో, డిగ్రీలోనో సీటు వచ్చిన బిడ్డను వెంటబెట్టుకుని తల్లిదండ్రులు ప్రార్థన చేయించుకోవడానికి వస్తారు. ప్రార్థన అయ్యాక తల్లి అడిగేది ఫీజుల గురించి కాదు, ఉద్యోగాల గురించి కాదు. "అక్కడ మనవాళ్లెవరైనా ఉన్నారా అయ్యగారూ?" అంటుంది. ఏళ్ల తరబడి మేము వింటున్న ప్రశ్న ఇది.

'మనవాళ్లు' అన్న మాటకు చాలా అర్థాలున్నాయి. మన ఊరివాళ్లు, మన సంఘంవాళ్లు, ఒక్కోసారి మన కులంవాళ్లు కూడా. కానీ ఆ తల్లి మనసులో ఉన్నది అంతకంటే సూటి సంగతి. రాత్రిపూట బిడ్డకు జ్వరం వస్తే తట్టడానికి ఒక తలుపు ఉందా? మెస్‌లో ఒంటరిగా కూర్చుంటే పక్కన పళ్లెం పెట్టుకుని కూర్చునేవారు ఒక్కరైనా ఉంటారా?

ఆ ప్రశ్నకు ప్రభుత్వ నిబంధనల్లోనే ఒక జవాబు ఉందని చాలామందికి తెలియదు. 2009 జూన్‌లో యూజీసీ ర్యాగింగ్ నిరోధానికి నియమావళిని జారీ చేసింది. అందులోని శిక్షల గురించి పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. పెద్దగా ఎవరూ పట్టించుకోని మాట ఇంకొకటి ఉంది. ప్రతి విద్యాసంస్థలో ఒక మెంటరింగ్ సెల్ ఉండాలి. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన సీనియర్లు అందులో మెంటార్లుగా ఉండాలి. ఆరుగురు కొత్త విద్యార్థులకు ఒక మెంటార్, అలాంటి ఆరుగురు మెంటార్లకు పైతరగతి నుంచి మరొక మెంటార్. మన మాటల్లో చెప్పాలంటే ఆరుగురికి ఒక అన్న లేదా ఒక అక్క. ఈ లెక్క వేసినవారెవరో గానీ పిల్లల సంగతి ఎరిగినవారే అయి ఉండాలి. అరవైమందికి ఒకరైతే పేర్లు కూడా గుర్తుండవు. ఆరుగురైతే ఒకే బల్ల చుట్టూ కూర్చుని అన్నం తినవచ్చు.

ఈ నియమావళి ఊరికే రాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఎగతాళి చేసి అవమానించినా ఆరు నెలల వరకు జైలు అని అందులో ఉంది. దేశమంతా కదిలింది మాత్రం 2009 మార్చిలో. హిమాచల్‌ప్రదేశ్‌లోని టాండా వైద్య కళాశాలలో అమన్ కచ్రూ అనే మొదటి సంవత్సరం విద్యార్థి సీనియర్లు కొట్టిన దెబ్బలకు చనిపోయాడు. ఆ తర్వాతే సుప్రీంకోర్టు ఆదేశాలు, యూజీసీ నియమావళి, రాత్రింబవళ్లు పనిచేసే 1800-180-5522 హెల్ప్‌లైన్ వచ్చాయి.

చట్టం దెబ్బను ఆపగలదు, ఆపాలి కూడా. కానీ కొత్తగా వచ్చిన పిల్లవాడి భుజం మీద చెయ్యి వేయడం చట్టానికి చేతకాదు. కొత్తవారిని వేరే హాస్టల్ బ్లాకులో ఉంచాలని అదే నియమావళి చెబుతుంది. అది రక్షణే, మేము కాదనడం లేదు. కానీ సీనియర్లను దూరంగా ఉంచి ఊరుకుంటే పిల్లవాడికి భయం ఉండదు, తోడూ ఉండదు. ఈ రెండో లోటు గురించి మాట్లాడుకునేవాళ్లు తక్కువ.

"పరిచయం కోసమే కదా సార్, కాస్త భయపెడితే సిగ్గు పోతుంది" అని వాదించే విద్యార్థులు మాకు ఇప్పటికీ ఎదురవుతారు. ర్యాగింగ్ అన్న మాట మానేసి ఇంటరాక్షన్ అంటారు. కొత్తవాడికి ఒక వెక్కిరింపు పేరు పెట్టడంతో అది మొదలవుతుంది. బైబిల్లో దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం చదివినవారికి ఇది కొత్తగా అనిపించదు. దానియేలు, హనన్యా, మిషాయేలు, అజర్యా అనే నలుగురు యూదా కుర్రవాళ్లను బబులోను రాజు తన ఆస్థానానికి తెప్పించి చదువుకు పెట్టాడు. కొత్త భాష, కొత్త తిండి, మూడేళ్ల కోర్సు. ముందుగా వారికి జరిగింది పేర్లు మార్చడం. బెల్తెషాజరు, షద్రకు, మేషాకు, అబేద్నెగో. ఆ పేర్లలో బబులోను దేవతల ఛాయలున్నాయి. ఒక విచిత్రం చూడండి. రెండో అధ్యాయంలో ప్రాణాల మీదికి వచ్చినప్పుడు దానియేలు ఇంటికి వెళ్లి స్నేహితులకు సంగతి చెప్పాడు. అక్కడ గ్రంథకర్త వారిని హనన్యా, మిషాయేలు, అజర్యా అనే పిలుస్తాడు. పరాయి ఊళ్లో మన అసలు పేరు తెలిసినవాళ్లు, ఆ పేరుతో పిలిచేవాళ్లు ముగ్గురుంటే ఎంత బలమో అప్పుడు అర్థమవుతుంది. మెంటార్ మొదటిరోజు చేయవలసిన పని కూడా అదే. ఆరుగురి పేర్లు నేర్చుకోవడం, సరిగ్గా పలకడం.

మన తెలుగు పిల్లల విషయంలో దీనికి ఇంకొక కోణం ఉంది. ఇంటర్మీడియట్ రెండేళ్లూ చాలామంది కార్పొరేట్ రెసిడెన్షియల్ కళాశాలల్లో గడుపుతారు. తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి పడుకునే ముందు మరో స్టడీ అవర్. ఎప్పుడు తినాలో, ఎప్పుడు చదవాలో, ఫోన్ ఎప్పుడు చేయాలో అన్నీ ఎవరో చెబుతారు. ఆ పిల్లవాడు బీటెక్‌లో చేరిన రోజున ఒక్కసారిగా ఎవరూ ఏమీ చెప్పరు. తరగతికి వెళ్లకపోయినా పిలిచి అడిగేవారుండరు. దాన్ని స్వేచ్ఛ అనుకుంటాడు. మొదటి మిడ్ పరీక్ష మార్కులు వచ్చేదాకా అలాగే అనుకుంటాడు.

ఇక నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో 2008లో మొదలైన ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీల సంగతి చెప్పనక్కరలేదు. పదో తరగతి కాగానే చేరతారు. పల్లెటూరి ప్రభుత్వ పాఠశాలల పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని పెట్టిన విద్యాలయాలవి. పదిహేనేళ్ల వయసుకు ఇల్లు విడిచి ఆరేళ్ల చదువుకు వచ్చిన బిడ్డ, అంతవరకు మండలం దాటి ఎరుగని బిడ్డ, వేలమంది ఉన్న ప్రాంగణంలో నిలబడితే ఎలా ఉంటుందో ఊహించండి. ఆ బిడ్డకు పైతరగతి విద్యార్థి అంటే రెండు మూడేళ్లు పెద్దవాడే. కానీ ఆ వయసులో ఆ రెండు మూడేళ్ల తేడా చాలా పెద్దది.

ఇంతకీ మెంటార్ ఏం చేయాలి? ఉపన్యాసాలు అక్కరలేదు. నిన్నగాక మొన్న తాను పడిన ఇబ్బంది గుర్తుంటే చాలు. జేఎన్‌టీయూ నిబంధనల్లో హాజరు 75 శాతం ఉండాలని, 65కు పైన ఉంటే తగిన కారణం చూపి కండొనేషన్ అడగవచ్చని, 65 కూడా లేకపోతే డిటెయిన్ అవుతారని కాగితం మీద ఉంటుంది. కానీ సెప్టెంబరులో రెండు వారాలు ఇంటికి వెళ్లి కూర్చుంటే డిసెంబరులో ఏమవుతుందో సీనియర్ చెబితేనే చెవికెక్కుతుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు గడువు ఎప్పుడు, లైబ్రరీలో పాత ప్రశ్నపత్రాలు ఎక్కడ దొరుకుతాయి, ఏ బస్సు చివరిది, జ్వరం వస్తే ఏ ఆసుపత్రి? తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి మరీ ముఖ్యమైన మాట ఒకటి ఉంది. "మొదటి నెల పాఠాలు నాకూ అర్థం కాలేదు తమ్ముడూ." మా అనుభవంలో ఈ ఒక్క మాట విని పెట్టె సర్దుకోవడం మానేసిన పిల్లలున్నారు.

మాకు తెలిసిన ఒక నర్సింగ్ విద్యార్థిని తన జూనియర్లకు మొదటి వారమంతా సలహాలేమీ ఇవ్వదు. మూడు పూటలా వాళ్లతో కలిసి మెస్‌కు వెళ్తుంది, అంతే. ఎందుకమ్మా అని అడిగితే, "ఒంటరిగా తినలేక రాత్రి అన్నం మానేసేవాళ్లు ఉంటారండి. నాలుగు రోజులు మానేస్తే ఇంటికి పోదామనిపిస్తుంది" అంది. మాకు తెలియని వేదాంతం ఆ పిల్లకు తెలుసు.

ఇది పెద్ద సంస్థలు కూడా గుర్తించాయి. ఐఐటీ గాంధీనగర్ 2011లో కొత్తవారికి ఐదు వారాల ఫౌండేషన్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. తర్వాత ఏఐసీటీఈ సాంకేతిక కళాశాలలకు మూడు వారాల ఇండక్షన్ చెప్పింది. 2019లో యూజీసీ 'దీక్షారంభ్' పేరుతో మిగిలిన కళాశాలలకూ మార్గదర్శకాలిచ్చింది. మంచివే. కానీ చాలాచోట్ల ఇవి ఆడిటోరియంలో ప్రసంగాలుగా మారిపోతున్నాయన్నది మా ఫిర్యాదు. మూడు వారాలు అయ్యాక పూలదండలు తీసేస్తారు. పిల్లవాడికి అసలు కష్టం ఎనిమిదో వారంలోనో పదో వారంలోనో మొదలవుతుంది. అప్పుడు ఆ అన్న ఎక్కడున్నాడు?

ఇక్కడ మాకు బర్నబా గుర్తుకొస్తాడు. అసలు పేరు యోసేపు, కుప్ర ద్వీపానికి చెందిన లేవీయుడు. బర్నబా అన్నది అపొస్తలులు పెట్టిన పేరు. దాని అర్థాన్ని మన తెలుగు బైబిల్ హెచ్చరిక పుత్రుడు అని చెబుతుంది. హెచ్చరిక అంటే మనకు బెదిరింపులా వినిపిస్తుంది గానీ, గ్రీకు మూలంలోని మాటలో పక్కన నిలిచి ధైర్యం చెప్పడం, ఓదార్చడం కూడా ఉన్నాయి. పేరు పెడితే అలా పెట్టాలి! సౌలు యెరూషలేముకు వచ్చినప్పుడు శిష్యులెవరూ అతణ్ణి దగ్గరికి రానివ్వలేదు. నిన్నటిదాకా హింసించినవాడు, ఎలా నమ్మడం? బర్నబా ఒక్కడే అతణ్ణి వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లి, అతని కథ తన నోటితో చెప్పాడు. తన మంచి పేరును ఒక కొత్తవాడికి హామీగా పెట్టాడన్నమాట. అంతటితో ఆగలేదు. సౌలు తార్సుకు వెళ్లిపోయిన తర్వాత ఒకనాడు అంతియొకయ నుంచి బయలుదేరి, అతణ్ణి వెతుక్కుంటూ వెళ్లి తీసుకొచ్చాడు. ఏడాది పొడుగునా ఇద్దరూ కలిసి పనిచేశారు. మొదటివారపు స్వాగతానికీ బర్నబా స్వాగతానికీ తేడా ఇక్కడే ఉంది. కనబడకుండా పోయినవాణ్ణి అతడు వెతికాడు.

గమనించండి, బర్నబా సౌలును తన గుంపులో కలుపుకోలేదు. అందరి దగ్గరికీ తీసుకెళ్లాడు. ఈ మాట మా విద్యార్థి సహవాసాలతో కూడా చెబుతుంటాం. హాస్టళ్లలో కొత్తవాణ్ణి ముందుగా పలకరించేది చాలాసార్లు ఒక కులసంఘం, ఒక పార్టీ జెండా, ఒక సినిమా హీరో అభిమానుల బృందం. మనం కూడా సభ్యుల సంఖ్య పెంచుకోవడానికే పలకరిస్తే ఆ వరుసలో మరొకరం అవుతాం, అంతే. జ్వరం వచ్చిన పిల్లవాడికి గంజి ఇచ్చే ముందు వాడు ఏ మతమో అడగడం ఎక్కడి న్యాయం? మెంటార్‌కు ఉన్న ఆరుగురిలో మీలాంటివాడు ఒక్కడూ లేకపోవచ్చు. ఆ ఆరుగురే మనవాళ్లు.

మెంటార్ మోయలేని బరువులూ ఉంటాయి, వాటి గురించి స్పష్టంగా చెప్పాలి. జూనియర్ నిద్రపోవడం లేదని, బతకాలని లేదని అంటే, "ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను" అని దాచకూడదు. వెంటనే వార్డెన్‌కో, అధ్యాపకుడికో, ఇంట్లోవారికో తెలియాలి. వచ్చేవరకు పక్కనే కూర్చోవాలి. 2022లో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రార్థన చేయండి, ఫోనూ చేయండి. ఒకటి చేస్తే రెండోది అక్కరలేదని మాకు సెమినరీలో ఎవరూ నేర్పలేదు. సంరక్షకుడు ఇరవై ఏళ్ల కుర్రవాడేనని, వాడికీ పరీక్షలున్నాయని కళాశాలలు మరచిపోకూడదు. ఆ సీనియర్‌పై కూడా ఒక సీనియర్ ఉండాలని 2009 నియమావళి చెప్పింది ఇందుకే.

చివరిగా, తప్పిపోయినవారి సంగతి. ఏ కళాశాలలోనైనా ఆరుగురిలో ఒకడు వెనకబడతాడు. సబ్జెక్టులు మిగిలిపోతాయి, సిగ్గుతో ఎదురుపడడు, ఫోన్ ఎత్తడు. కొందరు మెంటార్లు ఇక్కడ చేతులెత్తేస్తారు, "చెప్పినా వినలేదు సార్" అంటారు. మార్కు అనబడిన యోహాను కూడా మొదటి ప్రయాణంలో పెర్గే దగ్గర వదిలేసి ఇంటికి తిరిగిపోయాడు. రెండోసారి వాడిని తీసుకుపోవడానికి పౌలు ససేమిరా ఒప్పుకోలేదు. ఆ వాదన ఎంతదాకా పోయిందంటే పౌలు, బర్నబా విడిపోయారు. వాదనలో ఎవరిది న్యాయమని పండితులు ఇంకా చర్చిస్తూనే ఉన్నారు. కష్టమైన ప్రయాణానికి నమ్మకమైనవాళ్లు కావాలన్న పౌలు మాటలో తప్పేమీ లేదు. బర్నబా మాత్రం ఆ కుర్రవాణ్ణి తీసుకుని కుప్రకు ఓడ ఎక్కాడు. తర్వాత ఆ ద్వీపంలో ఏం జరిగిందో అపొస్తలుల కార్యములలో ఒక్క వాక్యం కూడా లేదు. చాలా ఏళ్లకు పౌలు చెరలో ఉండి తిమోతికి రాసిన రెండో పత్రికలో, మార్కు తనకు పరిచర్యలో ఉపయోగపడతాడని, వస్తూ అతణ్ణి వెంటబెట్టుకుని రమ్మని అడిగాడు. ఆ పత్రికలో బర్నబా పేరు ఎక్కడా లేదు.