జోన్ 2 అంటే నిశ్చింతేనా?

2024 డిసెంబర్ 4న ఉదయం ఏడున్నర వేళ ములుగు జిల్లాలో భూమి కదిలింది. తీవ్రత 5.3. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ జనం ఇళ్లలోంచి బయటికొచ్చారు. అప్పట్నుంచీ పాఠకులు ఒకటే అడుగుతున్నారు: "హైదరాబాద్ జోన్ 2లో ఉందట, మరి మనకు రిస్క్ తక్కువే కదా?"

దేశ భూకంప జోన్ పటం చెప్పేది నేల ఎంత గట్టిగా ఊగొచ్చన్నదే. అది హజార్డ్. ఆ నేల మీద ఎందరున్నారు, ఏమేం కట్టుకున్నారన్నది రెండో లెక్క. కట్టినవి ఎంత తేలిగ్గా కూలతాయన్న బలహీనత మూడోది. ఈ మూడింటి గుణకారమే రిస్క్. కూడిక కాదు సుమా! మనిషి జాడే లేని ఎడారిలో ఎనిమిది తీవ్రతతో భూకంపం వచ్చినా ప్రాణనష్టం సున్నాయే. అసలు విశేషమంతా మూడో అంకెలో ఉంది. దానికి కిల్లారి వెళ్లాలి.

1993 సెప్టెంబర్ 30. మహారాష్ట్రలోని లాతూర్ జిల్లా కిల్లారి ప్రాంతంలో తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా 6.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాదాపు పదివేల మంది చనిపోయారు. మూడున్నర నెలలకు, 1994 జనవరి 17న, లాస్ ఏంజెలెస్ శివారు నార్త్‌రిడ్జ్‌లో 6.7 వచ్చింది. అక్కడా తెల్లవారుజామే, జనం నిద్రలోనే ఉన్నారు. శక్తి ఐదు రెట్లకు పైనే, చుట్టూ ఉన్నది మహానగరం. పోయినవాళ్లు సుమారు 60 మంది. డాలర్లలో లెక్కేస్తే మాత్రం నార్త్‌రిడ్జ్ నష్టమే చాలా పెద్దది. అంటే రిస్క్ అనగానే దేని నష్టమో కూడా చెప్పాలి.

కిల్లారి ఇళ్ల గోడలు రెండడుగులకు పైగా మందం, చూడ్డానికి కోటగోడలే. తరచి చూస్తే ఒక్కో గోడా రెండు గోడలు: లోపల ఒక రాతి వరస, బయట ఒకటి, నడుమ చిన్న రాళ్లూ మట్టీ. రెండు వరసలనూ కలిపి పట్టే అడ్డరాళ్లు దాదాపు లేవు. పైన చెక్కలు, వాటిమీద మందంగా పరిచిన మట్టి. పదడుగుల చదరపు గది మీద అడుగున్నర మట్టి అంటే ఆరు టన్నులు! నేల పక్కకు కుదిపినప్పుడు గోడ మీద పడే తోపు పైనున్న బరువును బట్టే ఉంటుంది. మట్టి రెట్టింపైతే తోపూ రెట్టింపే. ఆ తోపుకు వరసలు విడిపోయాయి. ఒకటి వీధిలోకి, ఒకటి పడుకున్నవాళ్ల మీదికి, ఆపైన కప్పు.

నన్ను ఆపేది ఇక్కడే. కిల్లారి ఉన్న మరాఠ్వాడా ఎండల్లో ఇంటిని చల్లగా ఉంచింది ఆ మట్టే. వడగాలికి కవచం, భూకంపానికి ఆయుధం! బలహీనత వస్తువులో ఉండే గుణం కాదు, ఫలానాదానికి బలహీనత, అంతే. అందుకే దేనికో చెప్పకుండా "సురక్షితమైన ఇల్లు" అనే మాట వాడితే నేను నమ్మను.

పటం గీసినవాళ్లు తప్పు చేయలేదా అంటే, చేశారు. అప్పటి లెక్కలో కిల్లారి జోన్ 1, అంటే అన్నిటికన్నా భద్రం. దక్కన్ పీఠభూమి కదలదని అంత నమ్మకం. 2002లో జోన్ 1నే ఎత్తేశారు. అయితే పటం సరిగ్గా ఉన్నంత మాత్రాన ఆ మట్టికప్పు తేలికయ్యేదా? 1755 లిస్బన్ భూకంపం మీద ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ కవిత్వం రాసి విధిని నిలదీస్తే, ఆరేడంతస్తుల ఇళ్లు అంత ఇరుగ్గా కట్టింది ప్రకృతి కాదని తత్వవేత్త రూసో మరుసటి ఏడాదే ఉత్తరంలో జవాబు రాశాడు. ఆ ఉత్తరం ఇంకా చాలామందికి చేరలేదు.

ఇక హైదరాబాద్. కింద గోడల్లేకుండా స్తంభాల మధ్య కార్లు, పైన ఐదంతస్తులు. 2001 భుజ్ భూకంపంలో కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో ఇలాంటి అపార్ట్‌మెంట్లే కుప్పకూలాయి. ఆ కింది అంతస్తు స్తంభాలను మామూలు లెక్కకు రెండున్నర రెట్ల బలానికి లెక్కగట్టాలని 2002 నాటి భారత భూకంప నిర్మాణ ప్రమాణంలోనే రాశారు. ఫ్లాటు కొనేవాళ్లు వాస్తు అడుగుతారు, ఇది అడగరు. జోన్ సంగతి పక్కనపెట్టి, ఈసారి బిల్డర్ని ఇదే అడగండి.