ఆటకు కట్టిన బాణీ – మైఖేల్ జియాకినో వృత్తిజీవితము

64 కళలను లెక్కించునప్పుడు గీతమును, వాద్యమును మొదట చెప్పు సంప్రదాయము మనది. అయినను ఇంటి పిల్లవాడు సంగీతముతో బ్రదికెదనని చెప్పినచో పెద్దల ముఖములు చిన్నబోవును. వీడియో ఆటలకు సంగీతము కూర్చెదనని చెప్పినచో ఆ మాటను పరిహాసముగా తలతురు. ఆట కాలహరణమనియు, అందులో వినవచ్చు సంగీతము కాలహరణమునకు తోడనియు ఒక అభిప్రాయము మనలో గట్టిగా నాటుకొని యున్నది. ఇది ఎంతవరకు నిజమో విచారించుటకై మైఖేల్ జియాకినో అను అమెరికా సంగీతకర్త వృత్తిజీవితమును పాఠకుల ముందుంచుచున్నాము.

ముందుగా ఈ పని యెట్టిదో తెలిసికొందము. మన సినిమావారు రీరికార్డింగు అని వ్యవహరించు నేపథ్య సంగీతమును సాధారణముగా చిత్రపు కూర్పు ముగిసిన పిమ్మట రచింతురు. దృశ్యము 2 నిమిషములున్నచో సంగీతమును అంతే. తలుపు ఏ క్షణమున తెరచుకొనునో, కన్నీరు ఎప్పుడు జారునో సంగీతకర్తకు ముందే తెలియును. ఆటలో అట్లు కాదు. ఒకడు ఒక గదిని అరనిమిషములో దాటును; మరియొకడు అందే 10 నిమిషములు తిరుగాడును. కావున బాణీ చివరకు చేరగానే అతుకు తెలియకుండ మొదటికి మరలవలెను. 20 సార్లు విన్నను విసుగు పుట్టింపరాదు. శత్రువు కనబడగానే సంగీతము ఉద్రిక్తము కావలెను, ఆపద తొలగగానే నెమ్మదింపవలెను. ఇందుకై ఒకే ఘట్టమునకు శాంతమైన భాగమును, ఉద్రిక్తమైన భాగమును వేరువేరుగా రచించి, ఆటగాని చేష్టలను బట్టి యంత్రమే వానిని మార్చుకొనునట్లు ఏర్పాటు చేయుదురు.

తొలినాళ్ళలో యంత్రములకు శక్తి స్వల్పము. 1983లో జపానులో వెలువడిన నింటెండో వారి ఫామికామ్ యంత్రమునందు రాగము పలుకుటకు మూడు మార్గములు, చప్పుళ్ళకు మరి రెండు మాత్రమే ఉండెడివి. ఆ కొలదిపాటి సాధనములతోనే 1985లో కోజీ కోండో సూపర్ మారియో బ్రదర్స్ ఆటకు కూర్చిన బాణీ నేటికిని ప్రపంచమంతట వినవచ్చుచున్నది. 1990 తరువాతి దశకములో కాంపాక్టు డిస్కుల మీద ఆటలు వచ్చుటతో వాద్యబృందము వాయించిన సంగీతమును ఆటలో వినిపించుటకు వీలు కలిగెను. ఆ వీలును మొదట వినియోగించుకొన్నవారిలో జియాకినో ఒకరు.

ఆయన 1967 అక్టోబరు 10న న్యూజెర్సీ రాష్ట్రములో జన్మించిరి. బాల్యముననే బొమ్మలను ఇంచుక యించుక కదల్చి చిత్రించుచు చిన్నచిన్న చలనచిత్రములు తీసి, వానికి తానే సంగీతము జతపరచెడివారు. న్యూయార్కు నగరమున చలనచిత్ర నిర్మాణము చదివిరి. జూలియర్డ్ సంగీత విద్యాలయమున పాఠములు విన్నారు. అయినను తొలి ఉద్యోగములు సంగీతమునకు సంబంధించినవి కావు. యూనివర్సల్, డిస్నీ సంస్థల ప్రచార శాఖలలో పనిచేయుచు, లాస్ ఏంజెలిస్ నగరమున రాత్రి తరగతులకు పోయి వాద్యబృంద రచనను అభ్యసించిరి. పిదప వీడియో ఆటల శాఖలో నిర్మాతగా చేరి, తమ ఆటలకు సంగీతము కూర్చు పనిని తామే చేపట్టిరి.

1997లో ది లాస్ట్ వరల్డ్ : జురాసిక్ పార్క్ అను ఆటకు ఆయన రచించిన సంగీతమును వాద్యకారులు కూర్చుండి వాయించిరి. ఇంటిలో ఆడుకొను యంత్రముల ఆటలలో ఇట్టి భాగ్యము పొందిన తొలివానిలో ఇది ఒకటి. 1999లో రెండవ ప్రపంచ యుద్ధము ఇతివృత్తముగా మెడల్ ఆఫ్ ఆనర్ అను ఆట వెలువడెను. యుద్ధపు ఆట యనగానే ఢంకాల మ్రోత చాలునని ఆయన తలపలేదు. వీరముతోపాటు విషాదమును ఆ స్వరములలో నింపిరి. సినిమాకు ఎంత శ్రద్ధ చూపవలెనో ఆటకును అంత శ్రద్ధయే చూపిరి.

ఆ శ్రద్ధయే తరువాతి ద్వారములను తెరచెను. ఆటలలోని ఆయన సంగీతమును విని జె.జె. ఏబ్రమ్స్ 2001లో ఏలియస్ అను టెలివిజన్ ధారావాహికకు పిలిచిరి. 2004లో ఆరంభమై 2010 వరకు సాగిన లాస్ట్ ధారావాహికకును ఆయనయే సంగీతకర్త. విమానము కూలి ద్వీపమున చిక్కుకొన్నవారి కథ అది. ఆయన విమానపు తునకలనే తాళవాద్యములుగా మ్రోగించిరి. టెలివిజన్ పనిలో గడువులు మిక్కిలి స్వల్పములు; అయినను ఆయన వాద్యకారులతోనే వాయింపించెడివారు. 2005లో ఈ ధారావాహిక తొలిభాగమునకు ఎమ్మీ బహుమానము లభించెను.

ఏలియస్ సంగీతము దర్శకుడు బ్రాడ్ బర్డ్ దృష్టి నాకర్షించుటచే 2004లో ది ఇన్‌క్రెడిబుల్స్ చిత్రము దక్కెను. 2009లో వెలువడిన అప్ చిత్రములో భార్యాభర్తల జీవితమంతయు మాటలు లేకుండ కొలది నిమిషములలో గడచిపోవును. అచట మన తిశ్రగతిని పోలిన వాల్ట్జ్ నడకలో ఒకే బాణీ పెండ్లినాటి ఉల్లాసమును పలికి, అదియే మెల్లమెల్లగా సన్నగిల్లి, చివరకు ఒంటరి పియానో మీద వియోగమును పలుకును. ఆటలలో శాంతమును, భయమును రెంటిని మోయు బాణీలు కట్టిన అనుభవము ఇచట అక్కరకు వచ్చెనని మేము తలంతుము.

ఈ వృత్తి పూలబాట యని చెప్పుట మా ఉద్దేశము కాదు. చిత్రము విడుదలకు ముందు సంగీతకర్తను మార్చుట ఇందులో అపూర్వము కాదు. 2016 నాటి రోగ్ వన్ చిత్రమునకు మొదట నియమితులైన వారి స్థానమున వచ్చిన జియాకినో సుమారు నాలుగున్నర వారములలో సంగీతము పూర్తి చేయవలసి వచ్చెను. రాత్రి తరగతుల నాటి అభ్యాసము లేనివాడు అట్టి గడువునకు తాళలేడు.

2010 మార్చి 7న అప్ చిత్రమునకు ఆస్కారు బహుమానము స్వీకరించుచు ఆయన తన సంగీతమును గూర్చి చెప్పుకొనలేదు. తొమ్మిదేండ్ల ప్రాయమున తండ్రిగారి పాత 8 మిల్లీమీటర్ల కెమెరాను అడుగగా ఆయన వెంటనే ఇచ్చిరనియు, తల్లిదండ్రులుగాని గురువులుగాని తన పనిని కాలము వృథా చేయుటగా ఎన్నడును నిందింపలేదనియు స్మరించుకొనిరి. అట్టి అండ లేని పిల్లలు ఎందరో కలరని తలచి, సృజన వృథా కాదని వారికి నేరుగా చెప్పిరి.

విద్యార్థి మిత్రులు ఇందుండి గ్రహింపవలసినది ఒకటి కలదు. ఆట యాడుట వేరు, ఆటను రచించుట వేరు. రెండవది శిక్షణను, ఓర్పును, రాత్రి తరగతులను కోరును. ఇక కళాశాల పాలకవర్గమువారికి మా విన్నపము స్వల్పమే. పిల్లలందరును జియాకినోలు కాజాలరు. అయినను ఒక హార్మోనియము, ఒక కంప్యూటరు, సాయంకాలము ఒక గంటసేపు ఒక గది తాళపుచెవి – ఇవి అడిగిన విద్యార్థికి ఇచ్చుటకు పెద్ద నిధులు అక్కరలేదు. నాడు న్యూజెర్సీలో ఒక తండ్రి ఇచ్చినదియు సొరుగులోని పాత కెమెరా మాత్రమే.