పొగగొట్టంతో తీరని పొగ

2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దీపం-2 పథకం ప్రారంభించారు. అర్హులైన కుటుంబాలకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. 1999లో మొదటి దీపం, 2016లో కేంద్రం ఉజ్వల పథకం వచ్చాక శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు గ్యాస్ వింతేమీ కాదు. అయినా ఉద్దానం తోటల్లో రాలిన కొబ్బరి మట్టలను వాన పడకముందే చూరు కిందికి చేరుస్తూనే ఉన్నారు. గ్యాస్ వచ్చింది గానీ కట్టెల పొయ్యి పోలేదు. దానికో పొగగొట్టం తగిలిస్తే చాలదా అని చాలామంది అంటారు. చాలదు. ఆ పొయ్యి చేస్తున్న పనులన్నిటికీ వేరే దారి చూపితేనే అది ఇల్లు విడుస్తుంది.

గొట్టం ఆలోచన మనకు పాతదే. హైదరాబాదు ఇంజినీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు 1950ల్లోనే పొగగొట్టమున్న మట్టి పొయ్యికి రూపమిచ్చారు. 1980ల్లో కేంద్రం దేశమంతటా మెరుగైన పొయ్యిల కార్యక్రమం చేపట్టి, 2002 దాకా మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టించింది. ఆ తరవాత మన సరిహద్దు దాటితే ఒడిశాలో, బరంపురం దగ్గర కేంద్రమున్న గ్రామ వికాస్ సంస్థ కట్టించిన గొట్టం పొయ్యిలను ఆర్థికవేత్తలు ఎస్తేర్ డఫ్లో, రేమా హన్నా, మైఖేల్ గ్రీన్‌స్టోన్ కొన్నేళ్లపాటు గమనించారు. మొదటి ఏడాది వంట చేసేవాళ్లు పీల్చే పొగ తగ్గింది. తరవాత ఆ తేడా మాసిపోయింది. ఎందుకో పొయ్యి ముందు కూర్చుంటే తెలుస్తుంది. గొట్టం లోపల మసి పేరుకుంటుంది, దులిపే తీరిక ఎవరికీ ఉండదు. లావు దుంగ పట్టడం లేదని పొయ్యి నోరు కాస్త చెక్కుతారు. గిన్నె అంచుకీ మట్టికీ మధ్య సందు పడుతుంది. ఇక గొట్టం ఉన్నా పొగ ముందునుంచే వస్తుంది. ఆడవాళ్లు సరిగా వాడలేదని తప్పు వాళ్ల మీదికి నెట్టడం అన్యాయం. రోజూ మరమ్మతు కోరే వస్తువును ఊపిరి సలపని పనుల మధ్య వాళ్ల చేతిలో పెట్టడమే అసలు తప్పు.

ఈలోగా ఇల్లూ మారిపోయింది. పెంకుటింట్లో పొగ పెంకుల సందుల్లోంచి పోయేది, తాటాకింట్లో కప్పులోంచి వడకట్టుకుపోయేది. శ్లాబు కింద అది పైకి తగిలి, గోడవెంట మనిషి ముఖం ఎత్తుకు దిగుతుంది. పోనీ పెరట్లో వండుకుందామంటే, ఇదివరకు ఊళ్లలో ప్రభుత్వం ఇచ్చిన ఇళ్ల స్థలం సెంటున్నర, అంటే డెబ్బై రెండు గజాలు. అందులో పెరడెక్కడిది? ఇంటి వంట పొగ కారణంగా 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పసిపిల్లల న్యుమోనియా, ఊపిరితిత్తుల జబ్బులు, కంటి శుక్లాలు ఈ పొగ ఖాతాలోవే.

పొగకూ ప్రయోజనముందనే మాట కొట్టిపారేయదగ్గది కాదు. తాటాకు కప్పుకు పురుగు పట్టదు. సీతంపేట, కురుపాం కొండల్లో పొయ్యి మీది అటకమీద విత్తనాల మొక్కజొన్న భద్రంగా ఉంటుంది, చలికాలం ఇల్లంతా కాగుతుంది. అక్కడ విత్తనం దాచే డబ్బా, చలికి ఆసరా ఇవ్వకుండా సిలిండరొకటి ఇస్తే పొయ్యి ఎందుకు ఆరుతుంది? కట్టెలు ఉచితం కదా అన్నది ఇంకో మాట. ఏరి, ఎండబెట్టి, మోసుకొచ్చే ఆడమనిషి పొద్దుకు కూలి కట్టరు కాబట్టే అవి ఉచితం.

గట్టి అభ్యంతరం డబ్బుది. మూడు సిలిండర్లంటే 42.6 కిలోలు, రోజుకు 117 గ్రాములు. నలుగురైదుగురి వంట మొత్తం గ్యాస్ మీదైతే ఒక్కో సిలిండరు నెలా నెలన్నరకు మించి రాదు. కాబట్టి ఉచితం నాలుగున్నర నెలలకే సరి. మిగతా రోజుల్లో అన్నం గ్యాస్ మీద, చోడి అంబలి, స్నానాల నీళ్లు కట్టెల మీద. పైగా 2024లో మొదలుపెట్టిన పద్ధతిలో ముందు పూర్తి ధర కట్టాల్సి వచ్చేది, ఆ తరవాతే రాయితీ ఖాతాలో పడేది. ఏ రోజు కూలి ఆ రోజే తినే ఇంట ఆ మొత్తం ఒక్కసారిగా ఉండదు. బుకింగ్ నాడే రాయితీ పోను మిగిలింది కట్టించుకోవడం, 5 కిలోల చిన్న సిలిండరు కొండ ఊళ్లకూ చేర్చడం, కొత్తగా కట్టే కాలనీ ఇళ్ల మీద నీళ్లు కాచే సోలార్ తొట్టి పెట్టడం: ఈ మూడూ పొగగొట్టాల కన్నా ముందు జరగాలి. నీళ్ల కాగు దిగితే కట్టెల్లో పెద్ద భాగం దానితోనే దిగుతుంది.