ఎముకలు చెప్పే పాఠం

పిల్లలూ! ఒక చేత్తో రెండో చేతి మోచేతిని తడిమి చూడండి. చర్మం కింద గట్టిగా తగిలేదాన్ని పుస్తకాలలో ఎముక అంటారు. నల్లగొండ, పాలమూరు ఊళ్ళలో బొక్క అంటారు. పెద్దవాళ్ళ ఒంట్లో అటువంటివి 206 ఉంటవి. మరి అప్పుడే పుట్టిన బిడ్డకో? దాదాపు 300! ఆశ్చర్యంగా ఉన్నది కదూ? బిడ్డ పెరిగేకొద్దీ చిన్న చిన్న ముక్కలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయి లెక్క తగ్గుతుంది.

డాక్టరు చదువుకు పోయిన వాళ్ళు మొదటి సంవత్సరంలో ఈ లెక్కలన్నీ నేర్చుకుంటారు. మహబూబ్‌నగర్‌లో 2016లోనూ, నల్లగొండలో 2019లోనూ ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలిశాయి. అంతకు ముందు ప్రభుత్వ కళాశాలలో ఈ చదువు చదవాలంటే ఇక్కడి పిల్లలు హైదరాబాదు, వరంగల్లు వంటి దూరపు ఊళ్ళకు పోవలసి వచ్చేది.

మొదటి సంవత్సరంలో వాళ్ళకు రెండు పెద్ద శాస్త్రాలు ఎదురవుతాయి. ఒకటి అనాటమీ, అంటే శరీర నిర్మాణ శాస్త్రం. రెండవది ఫిజియాలజీ, అంటే శరీర ధర్మ శాస్త్రం. వీటికి తేడా ఏమిటి? వెనుక మన చేలల్లో మోట ఉండేది. మీ తాతగారిని అడగండి, చెబుతారు. గిరక ఎక్కడ ఉన్నది, తాడు దేనికి కట్టి ఉన్నది, బాన ఎంత పెద్దది అని చూడడం అనాటమీ వంటిది. ఎడ్లు దిగువకు నడిస్తే నీళ్ళు పైకి ఎలా వస్తున్నాయి అని తెలుసుకోవడం ఫిజియాలజీ వంటిది. మోట చెడిపోతే బాగుచేసేవాడికి రెండూ తెలియాలి గదా!

అనాటమీ పాఠం పుస్తకంతో తీరదు. ఒక పెద్ద హాలులో బల్లల మీద చనిపోయినవారి దేహాలు ఉంటవి. అవి పాడు కాకుండా ఫార్మాలిన్ అనే మందు పట్టిస్తారు. దాని ఘాటుకు మొదటి రోజున విద్యార్థుల కళ్ళు మండి నీళ్ళు కారుతాయి. తాము పోయిన తరువాత తమ దేహం చదువుకు పనికిరావాలని బతికి ఉండగానే రాసి ఇచ్చిన పుణ్యాత్ముల దేహాలు కూడా అందులో ఉంటవి. అందుకే చాలా కళాశాలల్లో కత్తి పట్టకముందే విద్యార్థులు ఆ దేహం ముందు నిలబడి, దాన్ని గౌరవంతో చూస్తామని ప్రతిజ్ఞ చేస్తారు. తమ తొలి గురువు అదేనని చెప్పుకుంటారు.

దేహాన్ని కళ్ళారా చూడకపోతే ఏమవుతుందో ఒక ముచ్చట వినండి. సుమారు 1,800 ఏళ్ళ కిందట గాలెన్ అనే గొప్ప వైద్యుడు జంతువులను కోసి చూసి, మనిషి కింది దవడలో రెండు ఎముకలు ఉంటాయని రాశాడు. దాదాపు 1,300 సంవత్సరాలు అందరూ అదే నమ్మారు. 1543లో వెసాలియస్ అనే ఆయన, తాను స్వయంగా మనుషుల దేహాలు పరిశీలించి, దవడ ఒకే ఎముక అని చూపించాడు. మన దేశంలో సుశ్రుతుడు అంతకంటే ఎంతో ముందే, దేహాన్ని ఏడు రాత్రులు పారే నీటిలో ఉంచి, వట్టివేళ్ళ కుంచె వంటి వాటితో మెల్లగా రుద్దుతూ, పొర వెంట పొర చూడాలని చెప్పాడు.

ఇప్పుడు ఎముక సంగతికి వద్దాం. ఎముక రాయి వలె ఉంటుందని మీరు అనుకుంటారు. కాని అందులో రెండు పదార్థాలు ఉన్నవి. ఒకటి సున్నపు జాతి ఖనిజం. దానివల్ల గట్టిదనం వస్తుంది. రెండవది కొల్లాజెన్ అనే నారవంటి పదార్థం. దానివల్ల ఎముక కొంచెం వంగి, విరగకుండా నిలుస్తుంది. ఎముకను బాగా కాలిస్తే నార పోయి, వేలితో నొక్కినా పొడి అవుతుంది. పులుపులో నానవేస్తే ఖనిజం పోయి, రబ్బరు వలె వంగుతుంది. రెండూ సరైన పాళ్ళలో ఉంటేనే మనం పరుగెత్తగలం.

ఈ పాళ్ళు తప్పితే ఏమవుతుందో నల్లగొండ జిల్లా పల్లెలు చాలా బాధపడి తెలుసుకున్నాయి. ఇక్కడి నేల కింద గ్రానైటు రాయి ఉన్నది. ఆ రాతిలోని ఫ్లోరైడు మెల్లమెల్లగా బావుల్లోకి, బోరునీళ్ళలోకి కరుగుతుంది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వరకు ఉంటే ఫరవాలేదు, ఒకటిన్నర దాటరాదు. చాలా పల్లెల్లో అంతకంటే ఎంతో ఎక్కువ ఉండేది. చూస్తే తేటనీరే! రంగూ లేదు, వాసనా లేదు.

చిన్నతనంలో ఆ నీరు తాగితే పళ్ళ మీద సుద్దగీతలు, గోధుమరంగు చారలు వస్తాయి. ఏళ్ళ తరబడి తాగితే ఫ్లోరైడు ఎముకలో చేరుతుంది. ఎక్స్‌రేలో ఎముక మరీ తెల్లగా, చిక్కగా కనబడుతుంది. చూస్తే బలిసినట్టే ఉంటుంది గాని, అది పెళుసుబారిన ఎముక. కీళ్ళను కట్టి ఉంచే పట్టీలు కూడా గట్టిపడి, వెన్ను కర్రవలె బిగుసుకుపోతుంది. మనిషి తల తిప్పలేడు, వంగలేడు. పెరిగిన ఎముక వెన్నుపామును ఒత్తితే కాళ్ళు కూడా పడిపోతాయి. 1955లో డాక్టర్ సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగులను పరిశీలించి, ఇంగ్లండు వైద్యపత్రికలో ఈ సంగతి వివరంగా రాశాడు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు, ఇటువంటి ప్రాంతాల్లో కొందరు కుర్రవాళ్ళ మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయని లోకానికి తెలిపారు.

ఒకసారి వంగిపోయిన ఎముకను ఏ మందూ మునుపటివలె చేయలేదు. కాని నీటిని మార్చవచ్చు! నీటిలో సున్నం, పటిక కలిపి, బాగా తిప్పి, తేరనిచ్చి, వడగడితే ఫ్లోరైడు చాలావరకు మడ్డితో పాటు అడుగున చేరుతుంది. దీన్ని నాగపూరు శాస్త్రజ్ఞులు రూపొందించారు. పేరేమిటో తెలుసా? నల్లగొండ పద్ధతి! ఆఫ్రికాలోని టాంజానియాలో కూడా దీన్ని వాడి చూశారు. తరువాత కృష్ణానది నీటిని గొట్టాల ద్వారా పల్లెలకు తెచ్చారు. 2016లో మొదలైన మిషన్ భగీరథ దాన్ని ఇంటింటి నల్లా వరకు చేర్చే పని.

నల్లా నీళ్ళు వచ్చినంత మాత్రాన, పాత నీరు తాగి నడుము వంగిన తాతలూ అవ్వలూ నిటారుగా లేవలేరు. వాళ్ళు ఇంకా మన మధ్యనే ఉన్నారు. నల్లగొండలో ఎముకల పెట్టె ముందు కూచుని వెన్నుపూసలు లెక్కపెట్టే విద్యార్థి, రేపు ఆస్పత్రిలో అటువంటి తాతను చూసి, నొప్పి ఎక్కడ పుట్టిందో, ఎందుకు పుట్టిందో వెంటనే గుర్తుపట్టాలి. అతను ఆ లెక్క నేర్చుకున్నది అందుకే గదా!

పెద్దలకు ఒక మాట: ఇంట్లో బోరు నీళ్ళు తాగుతూ ఉంటే ఒకసారి పరీక్ష చేయించండి. పిల్లలకు పాలు, రాగిజావ పెట్టండి. సున్నపు సత్తువ తక్కువైన ఒంటిని ఫ్లోరైడు మరింత బాధిస్తుంది.

పిల్లలూ, మీకూ ఒక పని ఉన్నది. ఈసారి ఇంట్లో కోడికూర వండినప్పుడు సన్నటి కాలి ఎముకను కడిగి, ఒక సీసాలో వెనిగర్ పోసి అందులో వేయండి. రెండు రోజులకొకసారి వెనిగర్ మార్చండి. వారం రోజుల తరువాత తీసి వంచి చూడండి. అది ఎందుకు వంగిందో ఇప్పుడు మీరే చెప్పగలరు!