నలుగురి చూపు

ఇంటికి చుట్టములు వచ్చిన దినమున మన నడవడి మారుట అందరెరిగినదే. పిల్లలు చెప్పకయే కాళ్లు కడుగుకొని వత్తురు. పెద్దల కంఠములు మెత్తబడును. కాని ఇప్పుడిప్పుడే వంట నేర్చుకొనుచున్న క్రొత్తకోడలి సంగతి వేరు. మొన్న తానొక్కతెయే పొయ్యికడ నున్నప్పుడు చారు చక్కగా కాచినది. నేడు అత్తగారును, ఆడబిడ్డలును, ప్రక్కయింటివారును చూచుచుండగా ఉప్పు రెండుమారులు వేసినది. "ఈ పిల్లకు పని రాదు" అని వెంటనే తీర్పు వెలువడినది. ఈ తీర్పు న్యాయమేనా యని మేము సోదరీమణుల నడుగుచున్నాము.

ఈ విషయమును శాస్త్రజ్ఞులు చాలకాలముగా పరిశీలించుచున్నారు. 1898వ సంవత్సరమున అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ అను నాతడు తన పరీక్షను ప్రకటించెను. అందు 40 మంది పిల్లలు గాలపుదారము చుట్టెడి చక్రములను కొంతసేపు ఒంటరిగను, కొంతసేపు మరియొకరితో పోటీగను త్రిప్పిరి. జతగా నున్నప్పుడు 20 మంది వేగము హెచ్చెను. 10 మంది తడబడి వెనుకబడిరి. తక్కిన 10 మందిలో భేదము స్వల్పము. ప్రక్కవారి సన్నిధి కొందరికి మేలును, కొందరికి కీడును ఏల చేయవలెను?

1965లో రాబర్ట్ జాయన్స్ అను పండితుడు ఇందుకు సమాధానము చెప్పెను. పరులు దగ్గర నున్నప్పుడు మనస్సు ఉద్రేకము పొందును. అప్పుడు చేయి తనకు మిక్కిలి అలవాటైన దానినే చేయును. నేర్పరికి అలవాటైనది ఒప్పు. నేర్చుకొనువారికి ఇంకను సులభముగా వచ్చునది తప్పు. 1982లో వెలువడిన మరియొక పరిశీలనయు దీనినే చూపినది. బల్లపై బంతులను కఱ్ఱతో గుంతలలోనికి కొట్టు పూల్ ఆటలో, నలుగురు దగ్గర నిలిచి చూచినప్పుడు, నేర్పరులకు నూటికి 71 చొప్పున ఫలించు దెబ్బలు 80కి హెచ్చెను. నేర్పు తక్కువవారివి 36 నుండి 25కు దిగెను.

కావున క్రొత్తకోడలి చేతి తడబాటులో కొంత పాలు మన చూపుదే. పెండ్లిచూపులనాడు పాట మరచిన కన్యయు, బంధువులయెదుట పద్యము తప్పిన బాలుడును ఇట్టివారే. నేర్చుకొనువారిని కొన్నాళ్లు ఒంటరిగా చేయనిండు. అడిగినప్పుడు దగ్గరకు పోయి చెప్పుడు. చెప్పి యీవలికి రండు. పని చేతికి అలవడిన పిమ్మట నలుగురిని పిలువుడు. అప్పుడు మీ చూపే ఆమెకు బలమగును. అత్తయు నొకనాటి కోడలే గదా!