మీకు తెలుసా? తిరుత్తణి నల్లకలువ, కార్తీకపు అగ్నిశిఖ

ఆవడిలో తిరుత్తణి లోకల్ ఎక్కి మొక్కు తీర్చుకోవడానికి కొండకు వెళ్లే తెలుగు కుటుంబాలు మనలో ఎన్నో. 1960 ఏప్రిల్ 1న తమిళనాటికి మారేదాకా ఆ తాలూకా చిత్తూరు జిల్లాదే. ఆ కొండకు ఉత్పలగిరి అనే పేరు కూడా ఉందని మీకు తెలుసా? పోగొట్టుకున్న సంపద తిరిగి దక్కాలని ఇంద్రుడు ఇక్కడ సుబ్రహ్మణ్యస్వామిని కొలిచాడట. పూజకోసం కొండమీది దొనలో నల్లకలువ నాటితే, అది పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి పూసేదట. ఇంద్రనీల సునై అని ఆ దొనను ఇప్పటికీ పిలుస్తారు.

చంద్రుణ్ణి చూసి కలువ విచ్చుతుందన్న కవుల మాట తెల్లకలువకు, ఎర్రకలువకు సరిపోతుంది. అవి చీకటి పడ్డాక విచ్చి, మర్నాడు ఎండెక్కేసరికి ముడుచుకుంటాయి. నల్లకలువ మాత్రం పగటి పువ్వు. నల్ల అన్నామే గానీ రంగు నీలమే.

కలువ పిందె పట్టే తీరు ఇంకా వింత. విచ్చిన మొదటిరోజు పువ్వు నడుమ చిన్న గిన్నెలాంటి చోట ద్రవం ఊరుతుంది. వేరే పువ్వు పుప్పొడిని ఒంటికి పూసుకొచ్చిన పురుగు అందులోకి జారిపడుతుంది. పుప్పొడి కడుక్కుపోయి చేరాల్సిన చోటికి చేరుతుంది. పురుగు బయటపడవచ్చు, మునిగిపోనూ వచ్చు. రెండోరోజుకు ఆ ద్రవం ఉండదు, పువ్వు తన పుప్పొడిని ఇవ్వడం మొదలుపెడుతుంది. తర్వాత కాడ వంగి పువ్వును నీళ్లలోకి దించుకుంటుంది. కాయ అక్కడే పండుతుంది. గింజలు కొంతసేపు పైన తేలుతూ దూరం పోయి, ఆపైన అడుగున బురదలోకి దిగుతాయి. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువులో ఈ కథంతా ఆగిపోతుంది. మన జిల్లా చెరువుల్లో డెక్క తీయించమని అడిగేవాళ్లు కలువల పేరు చెప్పి కూడా అడగాలి.

బెంగాల్లో కలువ కాడల పీచు తీసి కూర వండుకుంటారు. తెల్లకలువ బంగ్లాదేశ్ జాతీయ పుష్పం, నీలికలువ శ్రీలంకది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పుష్పం కూడా కలువే ఉండేది. విభజన తర్వాత 2018లో ఆ స్థానం మల్లెకు ఇచ్చారు. మల్లెమీద నాకూ ప్రేమే, అయినా కలువను తప్పించడం బాధగానే ఉంది.

ఇంగ్లిషులో వాటర్ లిల్లీ అన్నా, కలువ లిల్లీల కుటుంబానిది కాదు. పూలమొక్కల వంశవృక్షంలో అన్నిటికంటే ముందు చీలిన కొమ్మల్లో ఒకటి దీనిది.

లిల్లీ పేరు పెట్టుకున్నది మరొకటుంది. ఆంధ్రలో లిల్లీదండ అని పెళ్లిళ్లకు కొనేది, ఇక్కడ తమిళనాట పూలకొట్లో సంపంగి అని అడిగేది ఒకటే పువ్వు. సొంత ఊరు మెక్సికో. చీకటి పడ్డాక వాసన పెరుగుతుంది, అత్తరుకూ వాడతారు.

లిల్లీలకు నిజంగా దగ్గరి చుట్టం ఒకటి ఉంది. తమిళనాడు రాష్ట్ర పుష్పం సెంగాందళ్, మన అగ్నిశిఖ. కార్తీకంలో పూస్తుందని కార్తిగైపూ అనీ అంటారు. ఆకు కొసే తీగచుట్టలా మెలిదిరిగి కంచెను పట్టుకుంటుంది. పసుపుపచ్చగా విచ్చిన రేకులు రోజులు గడిచేకొద్దీ నిప్పురంగుకు తిరుగుతాయి. దీని గింజల్లో, దుంపల్లో కాల్చిసిన్ ఉంటుంది. కీళ్లలో యూరిక్ ఆమ్లం పేరుకుని బొటనవేలు వాచే గౌట్ నొప్పికి డాక్టర్లు రాసే మందు అదే. 1937లో అమెరికాలో కాల్చిసిన్‌తో మొక్కల క్రోమోజోములను రెట్టింపు చేయవచ్చని చూపించారు. ఆ దారిలోనే గింజల్లేని పుచ్చకాయ వచ్చింది.

ఈ గింజల కోసమే దిండిగల్, తిరుప్పూర్, నాగపట్టణం జిల్లాల్లో అగ్నిశిఖను పొలాల్లో పందిళ్లమీద పెంచుతారు. పువ్వు నడుమనుంచి కీలం అడ్డంగా, పుప్పొడికి దూరంగా వంగి ఉంటుంది. అందుకని రైతులు, కూలీలు పొద్దున్నే ఒక్కో పువ్వుకూ చేత్తో పుప్పొడి అంటిస్తారు. గౌట్ మాత్ర వెనక ఇంత చేతిపని ఉందని మందులషాపులో మనకెవరూ చెప్పరు. అయితే మందైన ఆ పదార్థమే విషం కూడా. తినే దుంప అనుకుని వండుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఇంట్లో అందానికి పెంచితే పిల్లలకు, పశువులకు అందకుండా చూసుకోవాలి. నాటువైద్యమని సొంతంగా దుంప అరగదీసి తాగడం అస్సలు వద్దు.

మరి అసలు లిల్లీ? ఆ జాతులు వందదాకా ఉన్నాయి, అన్నీ ఉత్తరార్ధగోళానివే, ఎక్కువగా చల్లటి ప్రాంతాలవి. మనకు దగ్గర్లో నీలగిరి, పళని కొండల్లో పొడుగాటి తెల్లబాకా లాంటి నీలగిరి లిల్లీ పూస్తుంది. ప్రపంచంలో సహజంగా పెరిగే అసలు లిల్లీలలో అన్నిటికంటే దక్షిణాన ఉన్నది అదే. మణిపూర్ రాష్ట్ర పుష్పమైన శిరోయ్ లిల్లీ కూడా అసలు లిల్లీల్లో ఒకటే. చైనాలో కొన్ని లిల్లీల గడ్డలను చారులో, కూరలో వేసుకుంటారు.

పుట్టినరోజు బొకేల్లో ఇప్పుడు ఈ అసలు లిల్లీలు ఆవడి ఇళ్లకూ వస్తున్నాయి. ఇంట్లో పిల్లి ఉంటే ఆ బొకేను గడప దాటనివ్వకండి. రేకు కొరికినా, కుండీలో నీళ్లు తాగినా, ఒంటిమీద రాలిన పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు రెండుమూడు రోజుల్లోనే చెడిపోతాయి. అలా జరిగిందని అనుమానం వచ్చినా చాలు, వాంతులు మొదలయ్యేదాకా ఆగకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.