ముసలి నక్షత్రం ఒంటిమీద ఇనుము

బడి తెరిచిన కొత్తలో, మబ్బు లేని రాత్రి పదకొండింటికి నడినెత్తికి కొంచెం ఉత్తరంగా చూడండి. స్వాతికీ అభిజిత్తుకీ మధ్య హెర్క్యులస్ అనే తారామండలం ఉంటుంది. అందులో పొగమరకలాంటి చుక్క ఒకటుంది. దీపాలన్నీ ఆర్పేస్తే, చూపు బాగున్నవాళ్ళకి లీలగా కనబడుతుంది. 1714లో దాన్ని కనిపెట్టింది హేలీ. (అవును, తోకచుక్క హేలీయే!) దాని పేరు ఎం13.

నిజానికది కొన్ని లక్షల నక్షత్రాల గుంపు. గోళాకార తారాగుచ్ఛం అంటారు. మనకి సుమారు 25 వేల కాంతి సంవత్సరాల దూరం. వయసు 1,100 కోట్ల ఏళ్ళకి పైనే. మన సూర్యుడికి 460 కోట్లే. ఇనుము తయారయ్యేది నక్షత్రాల్లోనే కాబట్టి, అంత పాతకాలంలో ఇనుము తక్కువ. ఎం13 నక్షత్రాల్లో సూర్యుడిలో ఉన్నదాంట్లో ముప్పయ్యో వంతే ఉంది.

"అక్కడికి పోకుండా ఎట్లా చెప్తారు?" అని మా క్లాసులో అడిగారు. నక్షత్రం కాంతిని ఇంద్రధనుస్సులా విడదీస్తే నల్లగీతలు కనిపిస్తాయి. ఇనుము గీతలు వేరు, హీలియం గీతలు వేరు. నక్షత్రం గిర్రున తిరుగుతుంటే ఒక అంచు మనవైపు వస్తుంది, రెండోది దూరం పోతుంది. అందువల్ల గీత వెడల్పవుతుంది. వెడల్పుని బట్టి వేగం తెలుస్తుంది.

1999లో హవాయిలోని కెక్ దూరదర్శినితో బేర్, జుడిత్ కోహెన్ మొదలైనవాళ్ళు ఎం13లోని నీలి నక్షత్రాలను చూశారు. ఇవి గర్భంలో హీలియం మండించుకుంటున్న ముసలివి. 11,000 డిగ్రీల లోపు వేడి ఉన్నవి మామూలుగానే ఉన్నాయి. వాటిలో కొన్ని సెకనుకి 40 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నాయి. అంతకన్నా వేడివి మాత్రం 10 కిలోమీటర్లు కూడా దాటవు. విచిత్రమేమిటంటే, వాటి పైపొరలో ఇనుము సూర్యుడిలో కంటే మూడింతలు! హీలియం మాత్రం బాగా తక్కువ.

ఎక్కణ్ణించి వచ్చింది? అంబలి కుండని గుర్తు తెచ్చుకోండి. గరిటె తిప్పుతుంటే అంతా కలిసే ఉంటుంది. కదపకుండా వదిలేస్తే చిక్కనిది అడుక్కి, నీళ్ళు పైకి. వేగంగా తిరిగే నక్షత్రం తనని తానే కలుపుకుంటుంది. నిదానంగా తిరిగేదాని పైపొర కదలదు. అప్పుడు హీలియం బరువుకి కిందికి దిగుతుంది. ఇనుము ఇంకా బరువు కదా, అదెందుకు దిగదు? ఇక్కడే నాకు భలే అనిపించింది. తూర్పారబట్టేటప్పుడు గాలి పొట్టుని నెట్టినట్టు, లోపల్నించి వచ్చే వెలుతురు ఇనుముని పైకి నెడుతుంది. ఇనుముకి గీతలు ఎక్కువ, అందుకే వెలుతురుకి బాగా దొరుకుతుంది. హీలియం అంతగా దొరకదు.

అంటే నక్షత్రంలో ఇనుము పెరగలేదు, చర్మం మీదికి చేరిందంతే. దాన్ని చూసి వయసు లెక్కగడితే ఆ ముసలిది సూర్యుడికన్నా పడుచుదని తేలుతుంది! అందుకే గుచ్ఛంలో అసలు ఇనుమెంతో తెలియాలంటే ఎర్రటి రాక్షస నక్షత్రాలను చూస్తారు. అవి ఎసరులా లోపల్నించి మరుగుతూనే ఉంటాయి, తేరుకోవడానికి వీల్లేదు.